రైలు కూత వినపడితే ఏం చెయ్యాలి, వినపడకపోతే ఏం చెయ్యాలి

కూత వినగానే చాలామంది "ఆ, ఇంకా దూరంగానే ఉందిలే" అనుకుని పట్టాలు దాటేస్తారు. అసలు ప్రమాదమంతా ఆ అంచనాలోనే ఉంది. హారన్ చెప్పేది రైలొస్తోందని మాత్రమే, ఎంత దూరంలో ఉందో ఏ లైన్ మీదొస్తోందో చెప్పదు. పైగా మలుపుల్లో, రెండు గట్ల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుని ఎటునుంచి వస్తుందో కూడా తెలీదు. కంటిని నమ్ముదామా అంటే అంత పెద్ద ఇంజిన్ ఎదురుగా వస్తుంటే మెల్లగా వస్తున్నట్టే కనిపిస్తుంది.

లెక్క చూడండి. అమెరికాలో రూల్ ప్రకారం క్రాసింగ్‌కి 15 నుంచి 20 సెకన్ల ముందు హారన్ మొదలెట్టాలి, రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్ళీ ఒక పొడుగు. గంటకి 100 కిలోమీటర్ల స్పీడంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు, అంటే మీకు మొదటి కూత వినపడేసరికి రైలు అర కిలోమీటరు దగ్గర్లో ఉన్నట్టే. లోకో పైలట్ ఎమర్జెన్సీ బ్రేకు వేసినా ఆ స్పీడులో ఉన్న బండి ఆ దూరంలో ఆగడం కష్టం, గూడ్సు అయితే కిలోమీటరు దాటినా ఆగకపోవచ్చు. అందుకే హారన్ కొడతారు, మీరు ఆగాలని.

కార్లో ఉంటే క్రాసింగ్ రాకముందే పాటలు ఆపి, ఏసీ ఫ్యాన్ తగ్గించి, రెండు వైపులా అద్దాలు దించండి. అద్దాలు మూసి ఉంటే ఎంత గట్టి హారనైనా సగం సగమే లోపలికొస్తుంది. నడిచేవాళ్ళు ఇయర్‌ఫోన్స్ తీసెయ్యాలి, ఒక చెవిది తీస్తే చాలదా అని అడక్కండి, రెండూ తియ్యండి. ఎదురుగాలి ఉన్నా వర్షం పడుతున్నా కూత సరిగ్గా వినపడదు, కొన్ని చోట్ల రాత్రిళ్ళు హారన్ కొట్టొద్దని రూల్ కూడా ఉంటుంది, కాబట్టి వినపడలేదు అంటే రైలు లేదని కాదు, రెండు వైపులా చూసే దాటాలి.

రెండు లైన్లున్నచోట ఇంకో చిక్కు. ఒక రైలు వెళ్ళిపోగానే దాని చప్పుడులోనే రెండోదాని హారన్ కలిసిపోతుంది, మనం ఆ కూత వెళ్ళినదానిదే అనుకుంటాం. వెళ్ళిన రైలు పూర్తిగా దూరమై, రెండో లైను రెండు వైపులా ఖాళీగా కనపడేదాకా కదలొద్దు.

పొట్టి పొట్టి కూతలు ఆపకుండా వస్తున్నాయంటే ఎవరో పట్టాల మీదున్నారని, అది మీరే అయ్యుండొచ్చు, వెంటనే పక్కకి వచ్చెయ్యండి. మీ కారు పట్టాల మధ్య ఆగిపోతే సామాన్లు వదిలేసి అందరూ దిగిపోవాలి. రైలు వచ్చేస్తుంటే అది వచ్చే వైపుకే, పట్టాలకి దూరంగా ఏటవాలుగా పరిగెత్తాలి, రైలు వెళ్ళే వైపుకి పరిగెత్తితే అది గుద్దిన కారు ముక్కలు మీ మీదకే ఎగిరొస్తాయి.