ఎన్‌ఎఫ్‌టీ స్వయంబోధిని, 4వ పాఠం: కొనేముందే అమ్మే లెక్క

ఎన్‌ఎఫ్‌టీ అంటే ఒక బొమ్మ లాంటి డిజిటల్ వస్తువు మీదని చెప్పే, బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి చిట్టాలో నమోదైన పత్రం. మొదటి మూడు పాఠాల్లో వాలెట్ (క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీలు ఉంచుకునే యాప్) తెరవడం, దాన్ని తిరిగి తెరవడానికి పనికొచ్చే సీడ్ పదాలు కాగితం మీద రాసి బీరువాలో పెట్టడం, మార్కెట్‌ప్లేస్ (ఎన్‌ఎఫ్‌టీలు కొని అమ్మే వెబ్‌సైటు) పేజీ చదవడం అయ్యాయి. ఈ పాఠంలోనూ ఏమీ కొనం. ఒక పేజీ రాసుకుంటాం, అంతే. ఏం కొనాలి, ఎంతలో కొనాలి, ఎప్పుడు వదిలించుకోవాలి అన్నది అందులో ఉంటుంది. దాన్నే మీ వ్యూహం అనుకోండి.

యూట్యూబ్‌లో దొరికే పాఠాల్లో చాలావాటిది ఒకటే మంత్రం: కొను, కాస్త పెరగ్గానే అమ్ము, మళ్లీ కొను. అమెరికాలో ఉండి చేసేవాడికి అది కుదురుతుందేమో. అక్కడ ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాంట్లో వచ్చిన లాభంలోంచి తీసేసుకోవచ్చు. మన విశాఖ సీతమ్మధారలో కూర్చుని చేసేవాడికి ఆ వెసులుబాటు లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీల మీద లాభానికి 30 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్సు. రెండూ కలిపితే 31.2 శాతం. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసేసుకోనివ్వరు. నష్టం వస్తే దాన్ని ఇంకే లాభంలోనూ సర్దుకోలేం, వచ్చే ఏడాదికీ మోసుకెళ్లలేం.

దీని బరువు అంకెల్లో చూస్తేగానీ తెలియదు. కాగితం తీసుకోండి. ఎన్‌ఎఫ్‌టీలు ఎక్కువగా ఈథర్ అనే క్రిప్టో నాణెంతో కొంటారు. లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక ఈథర్ ధర 2,00,000 రూపాయలు, మధ్యలో అది మారలేదు అనుకుందాం. 0.20 ఈథర్‌కి ఒక ఎన్‌ఎఫ్‌టీ కొన్నారు, అంటే 40,000 రూపాయలు. గ్యాస్, అంటే లావాదేవీని బ్లాక్‌చెయిన్‌లో నమోదు చేయడానికి కట్టే రుసుము, 300 అయింది. నెల తర్వాత 0.25 ఈథర్‌కి అమ్మారు, 50,000 వచ్చింది. మార్కెట్‌ప్లేస్ రుసుము 2.5 శాతం, బొమ్మ గీసినవాళ్ల రాయల్టీ 5 శాతం అనుకుంటే 3,750 అక్కడే పోయింది. చేతికి 46,250. పన్ను మాత్రం 50,000లోంచి 40,000 తీసేసి మిగిలిన 10,000 మీద పడుతుంది: 3,120. రుసుములు, గ్యాస్ మీ జేబులోంచే. అన్నీ పోగా మిగిలింది 2,830 రూపాయలు.

మా అక్క కొడుకు రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ఈ లెక్క చూపించాను.

"అదేటి మావయ్యా, ధర ఇరవై అయిదు శాతం పెరిగిందన్నావు కదా, మిగతాది ఏటైపోయింది?"

"ఏటీ అవలేదురా, మూడు చోట్ల పంచేశాం."

ఇదే లెక్కని వెనక్కి తిప్పితే ఇంకో అంకె బయటపడుతుంది. నష్టం లేకుండా బయటపడాలంటేనే దాన్ని దాదాపు 45,400కి, అంటే 0.227 ఈథర్‌కి అమ్మాలి. ధర పదమూడున్నర శాతం పెరిగితే మీరు బయల్దేరిన చోటే ఉంటారన్నమాట. అయిదు శాతం, ఎనిమిది శాతం చొప్పున తిప్పే పద్ధతి మనకి ఎందుకు పనికిరాదో ఇక వేరే చెప్పక్కర్లేదు. పైగా ఒకదాంట్లో 10,000 వచ్చి, ఇంకోదాంట్లో 10,000 పోయిందనుకోండి. మీ దృష్టిలో ఏడాది ఫలితం సున్నా. పన్నువాళ్ల దృష్టిలో మీరు 3,120 బాకీ.

ఇంకో మెలిక ఉంది. ఈథర్ ఇచ్చి ఎన్‌ఎఫ్‌టీ కొనడం అంటే ఈథర్‌ని అమ్మినట్టే. ఈథర్ 1,60,000 ఉన్నప్పుడు కొని దాచుకుని, 2,00,000 అయ్యాక అందులో 0.20 పెట్టి బొమ్మ కొంటే, ఈథర్ మీద 8,000 లాభం అప్పుడే చేతికి వచ్చినట్టు లెక్క. బొమ్మ తర్వాత అమ్ముడుపోయినా, పోకపోయినా దాని పన్ను 2,496 కట్టాల్సిందే. 2022 జులై 1 నుంచి వచ్చిన 1 శాతం టీడీఎస్ (బేరం జరిగేటప్పుడే ముందుగా కోసే పన్ను) సంగతి వేరు, అది రిటర్నులో సర్దుకునేదే. విదేశీ మార్కెట్‌ప్లేస్‌లో ముక్కూముఖం తెలియని వాలెట్‌తో బేరం చేసినప్పుడు టీడీఎస్ ఎవరు, ఎలా కట్టాలన్నది మాత్రం మొదటి బేరానికి ముందే మీ ఆడిటర్‌ని అడగండి. ఈ పాఠంతో తీరే విషయం కాదది.

కాబట్టి మీ పేజీలో మొదటి వాక్యం ఇలా ఉండాలని నా సలహా: "ఏడాదికి కొద్ది బేరాలే చేస్తాను. కనీసం ఇంత శాతం పెరుగుతుందన్న కారణం చెప్పలేకపోతే కొనను." ఆ శాతం ఎంతో మీ రుసుములు వేసుకుని, పై లెక్క చేసి, మీరే తేల్చండి. నాకైతే నలభైకి తక్కువ ఉంటే చెయ్యి కదలదు.

ఇప్పుడు ధర సంగతి. ఆనందపురం దాటి భోగాపురం వైపు వెళ్తుంటే రోడ్డు పొడవునా లేఅవుట్ల బోర్డులు కనిపిస్తాయి. బోర్డు మీద రాసిన గజం రేటు వేరు, రేపు మీరు అమ్మబోతే అడ్వాన్సు పట్టుకొచ్చేవాడి రేటు వేరు. ఫ్లోర్ ధర అన్నది ఆ బోర్డు. ఒక కలెక్షన్‌లో, అంటే ఒకే పేరు కింద విడుదలైన ఎన్‌ఎఫ్‌టీల గుంపులో, అమ్మకానికి పెట్టినవాటిలో అన్నిటికన్నా తక్కువ ధర అది. ఆ ధరకి ఎవరూ కొనలేదు కాబట్టే ఇంకా అక్కడ ఉంది. మీకు కావలసింది ఆఫర్ల వరసలో పైన ఉన్న అంకె. కలెక్షన్ మొత్తానికి, అందులో ఏదైనా సరే కొంటానని వేసే ఆఫర్లు చూడండి. అలా ఆఫర్ వేసేవాళ్లు ఈథర్‌ని ర్యాప్డ్ ఈథర్‌గా (అదే విలువతో, ఆఫర్లకి వాడుకోగలిగే రూపం) మార్చి పెడతారు. వాలెట్‌లో ఆ డబ్బు లేకపోతే ఆఫర్ చెల్లదు. ఫ్లోర్ 0.20, పై ఆఫర్ 0.19 అయితే అక్కడ సంత నడుస్తోంది. ఫ్లోర్ 0.20 ఉండి పై ఆఫర్ 0.11 ఉంటే, ఇవాళ మీ చేతిలోని వస్తువు విలువ 0.11.

ఆఫర్ అన్న మాటకి ఎంత బరువుందో తెలియాలంటే ట్విట్టర్ స్థాపకుల్లో ఒకరైన జాక్ డోర్సీ ట్వీటు గుర్తు చేసుకోవాలి. ట్విట్టర్‌లో ఆయన పెట్టిన మొట్టమొదటి ట్వీటు ఎన్‌ఎఫ్‌టీగా 2021 మార్చిలో 29 లక్షల డాలర్లు పలికింది. కొన్నాయన 2022 ఏప్రిల్‌లో దాన్ని 4.8 కోట్ల డాలర్లకి అమ్మకానికి పెట్టాడు. గడువు ముగిసేసరికి వచ్చిన పై ఆఫర్ 280 డాలర్లు. వస్తువు అదే, దాని చరిత్రా అదే. రెండో కొనుగోలుదారుడే లేడు.

అమ్మకాల పట్టికలో గత వారం రోజులవి కూడా చదవండి. ఎన్ని అమ్ముడయ్యాయన్నది మొదటి ప్రశ్న, ఎవరి నుంచి ఎవరికి అన్నది రెండోది. అవే రెండు మూడు వాలెట్లు తమలో తాము మార్చుకుంటూ ధర పెంచుతుంటే దాన్ని వాష్ ట్రేడింగ్ అంటారు. 2022 జనవరిలో లుక్స్‌రేర్ అనే మార్కెట్‌ప్లేస్ మొదలైనప్పుడు, బేరాలకి బహుమతి టోకెన్లు ఇవ్వడంతో ఈ తంతు బాహాటంగానే సాగింది. అందుకే మొత్తం వాల్యూమ్ (జరిగిన బేరాలన్నిటి విలువ) అంకెని నేను అసలు చూడను.

షేర్లకి అలవాటుపడినవాళ్లు ఇక్కడ రెండు చోట్ల కాలు జారుతారు. షేర్లు వంద కొంటే, ధర రెట్టింపయ్యాక యాభై అమ్మి పెట్టిన డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఎన్‌ఎఫ్‌టీ ఒక్కటుంటే సగం అమ్మడం కుదరదు. "సగం లాభం తీసుకుంటా" అన్న నియమం మీ పేజీలో రాయాలంటే ఒకే కలెక్షన్‌లో రెండు కొనే స్తోమత ఉండాలి, లేదా అందుకు సరిపడే చవక కలెక్షన్ ఎంచుకోవాలి. రెండోది స్టాప్‌లాస్. ధర ఇంతకి దిగితే అమ్మేస్తా అని రాసుకోవచ్చు, కానీ దిగే రోజున కొనేవాడు ఉండాలి కదా! బోర్డ్ ఏప్ అనే కోతి బొమ్మల కలెక్షన్ 2021 ఏప్రిల్‌లో ఒక్కోటి 0.08 ఈథర్‌కి అమ్మారు. ఏడాది తిరిగేసరికి ఫ్లోర్ 150 ఈథర్ దాటింది. 2023 జులైకి 30 కంటే దిగువకి వచ్చింది. పేరు మోసిన కలెక్షన్ కాబట్టి దిగే దారి పొడవునా ఆఫర్లు ఉన్నాయి. మామూలు కలెక్షన్లలో ఆఫర్ల వరస ఒక్క రాత్రిలో ఖాళీ అవుతుంది.

అందుకని ధరకి బదులు తేదీ రాసుకోండి. "ఫలానా ఆట విడుదలవుతుందని కొంటున్నాను. ఫలానా నెలాఖరుకి అది జరగకపోతే పై ఆఫర్ ఎంతున్నా ఒప్పుకుంటాను." కారణం ఒక వాక్యంలో ఉండాలి. రెండో వాక్యం కావాల్సి వస్తోందంటే మీకు మీరే నచ్చజెప్పుకుంటున్నారని అర్థం.

ఏ రకం ఎంచుకోవాలన్నది ఎక్కువ ఆలోచించే విషయం కాదు. మీకు ముందే తెలిసిన రంగం ఒక్కటి పట్టుకోండి. బొమ్మలు గీసే చెయ్యి ఉంటే ఆర్ట్, ఆటలు ఆడేవాళ్లయితే ఆటల వస్తువులు. చేతులు అలవాటు కావడానికి టెజోస్ లాంటి చవక బ్లాక్‌చెయిన్ మీద చిన్న బొమ్మ ఒకటి కొని చూడొచ్చు, గ్యాస్ నామమాత్రమే. ఆర్ట్ కొనేటప్పుడు బొమ్మ ఫైలు ఎక్కడుందో చూడాలి. ఐపీఎఫ్ఎస్‌లోనో (ఫైళ్లని ఒక్క కంపెనీ చేతిలో కాకుండా పలు కంప్యూటర్లలో ఉంచే పద్ధతి) చెయిన్ మీదనో ఉంటే పర్వాలేదు. ఒక కంపెనీ సర్వర్‌లో ఉంటే ఆ కంపెనీ ఉన్నన్నాళ్లే. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి కుప్పకూలాక దాని సర్వర్ల మీద ఆధారపడ్డ ఎన్‌ఎఫ్‌టీల బొమ్మలు కనబడకుండా పోయాయి.

డబ్బు గురించి ఒక్క మాటే. పిల్లల ఫీజు, ఈఎంఐ, అప్పు తెచ్చిన డబ్బు ఈ పేజీలోకి రాకూడదు. మిగిలినదాంట్లో ఏడాదికి ఒక మొత్తం కట్టేసుకుని, ఒక్క బేరంలో అందులో పదో వంతు దాటకుండా చూసుకోండి.

లెక్కల పుస్తకం మొదటి రోజు నుంచే ఉండాలి. కొన్న తేదీ, ఆ రోజు ఈథర్ రూపాయల్లో ఎంత, ఇచ్చింది ఎంత, గ్యాస్ ఎంత, లావాదేవీ హ్యాష్ (బ్లాక్‌చెయిన్‌లో ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య). రిటర్నులో వీడీఏ (వర్చువల్ డిజిటల్ ఆస్తులు, అంటే క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీల లాంటివి) షెడ్యూల్ అడిగేది ఒక్కో బేరానికి కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న ధర, అమ్మిన ధర. జులైలో కూర్చుని పాత ఈథర్ ధరలు వెతుక్కునే బాధ తప్పుతుంది.

ఈ పాఠానికి అభ్యాసం: మీకు నచ్చిన కలెక్షన్లు మూడు తీసుకోండి. పదిహేను రోజులపాటు రోజూ ఒకే వేళకి ప్రతిదానికీ ఫ్లోర్, పై ఆఫర్, ఆ రోజు అమ్ముడైన సంఖ్య రాయండి. మొదటి రోజే "ఇవాళ ఫ్లోర్‌కి కొన్నాను" అని కాగితం మీద రాసుకుని, చివరి రోజు పై ఆఫర్‌కి అమ్మినట్టు లెక్క కట్టండి, రుసుములు, గ్యాస్, లాభం ఉంటే దానిమీద 31.2 శాతం పన్ను అన్నీ తీసేసి. మూడు కలెక్షన్లకి మూడు అంకెలు వస్తాయి. 5వ పాఠంలో వాటినే ముందు పెట్టుకుని, ఆఫర్ మనమే వేసి ఫ్లోర్ కన్నా తక్కువకి కొనడం ఎలాగో చూద్దాం.