వైజాగ్‌లో మొదటి ట్రెక్: వెనకాల ఎవరు నడుస్తారో ముందు అడగండి

వానలు తగ్గి కొండలు పచ్చబడ్డాయంటే చాలు, వైజాగ్‌లో ప్రతి వారం ఫోన్లలో పోస్టర్లు తిరగడం మొదలవుతుంది. వంజంగి మబ్బులు, కటికి జలపాతం, అరకు దగ్గర పేరు కూడా సరిగా వేయని ఏదో కొండ, కింద ఒక నంబరు, "బిగినర్స్ కూడా రావచ్చు" అని ఒక ముక్క. ఆ పోస్టరులో మీకు నిజంగా పనికొచ్చేది ఆ నంబరు ఒక్కటే. దానికి ఫోన్ చేయండి. మెసేజ్ వద్దు, ఎందుకంటే మెసేజ్‌లో అందరూ "టెన్షన్ పడకండి, మేం చూసుకుంటాం" అనే రాస్తారు. రెండు నిమిషాలు మాట్లాడితేనే ఆ మనిషి ఆ దారిలో నిజంగా నడిచాడా, లేక ఎవరో పెట్టిన వీడియో చూసి బస్సు మాట్లాడేశాడా అన్నది బయటపడుతుంది.

దూరం ఎంత, డబ్బులెంత అన్నవి తర్వాత. ముందు "అందరికంటే వెనకాల ఎవరు నడుస్తారండీ?" అని అడగండి. ముందు నడిచే లీడర్ ప్రతి గుంపులోనూ ఉంటాడు, ఫోటోల్లో కూడా ఆయనే ఉంటాడు, కానీ కొత్తవాళ్లకు ఏదైనా జరిగేది వెనకాలే. ఆయాసం వచ్చి కూర్చుండిపోయేది, మడమ బెణికేది, షూ అడుగు ఊడిపోయేది, దారి రెండుగా చీలిన చోట తుప్పల్లోకి తిరిగిపోయేది, వీళ్లంతా వెనకబడ్డవాళ్లే. అందుకే సరిగ్గా నడిపే వాళ్లు దారి తెలిసిన మనిషి ఒకర్ని చివర పెడతారు, ఆయన ఎవరినీ దాటి ముందుకు వెళ్లడు, స్వీప్ అంటారు. ఈ ప్రశ్నకు వెంటనే ఒక పేరు చెబితే మంచిది. "అందరం కలిసే వెళ్తాం కదా" అంటే స్వీప్ లేడని అర్థం. కలిసి బయల్దేరిన నలభై మంది అరగంటలో అర కిలోమీటరు పొడవునా సాగిపోతారు, అది ఎవరి తప్పూ కాదు, నడకలు అలాగే ఉంటాయి.

దాని వెంటే ఇంకో రెండు అడగండి: దారి చీలిన ప్రతిచోటా ముందువాళ్లు ఆగుతారా, ఎక్కడెక్కడ తలలు లెక్కపెడతారు. కొత్తవాళ్లు ఎక్కువున్న గుంపులో ఎనిమిది, పది మందికి ఒక లీడర్ ఉండాలని నా లెక్క. ఒక్క లీడరుతో బస్సు నిండా జనాన్ని తీసుకెళ్లేది ట్రెక్ కాదు, పిక్నిక్. పిక్నిక్ తప్పేం కాదు, కాకపోతే అది కొండ మీద చేయకూడదు.

ఇక టైము. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన ఒక లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: ప్రతి 5 కిలోమీటర్లకు గంట, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. ఎనిమిది కిలోమీటర్ల నడక, 400 మీటర్ల ఎక్కుడు అంటే రెండుంపావు గంటలు. అది కూడా అలవాటున్న మనిషి ఎక్కడా ఆగకుండా నడిస్తే. కొత్తవాళ్ల గుంపు, ఫోటోలు, టిఫిన్, మన ఉక్కపోత అన్నీ కలిపితే అది నాలుగు గంటలవుతుంది. పోస్టరులో "రెండు గంటల ఈజీ ట్రెక్" అని ఉంటే ఎక్కుడు ఎన్ని మీటర్లో అడగండి. ఎక్కుడు సంగతి తెలియనివాడికి ఆ రెండు గంటలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా తెలిసి ఉండదు. వెనక్కి తిరిగే టైము కూడా ముందే ఖాయం చేసుకున్నారేమో కనుక్కోండి, అంటే పైకి చేరినా చేరకపోయినా ఇన్ని గంటలకల్లా దిగడం మొదలుపెడతాం అనే మాట. మనం దేశంలో తూర్పు వైపు ఉన్నాం కాబట్టి డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు, అడవిలో ఇంకా ముందే చీకటి. హైదరాబాద్‌లో ఉండే మీ కజిన్ చెప్పిన టైమింగ్స్ ఇక్కడ పనికిరావు.

వంజంగి లాంటి ట్రిప్పుల్లో నాకు అసలు భయం కొండ కాదు, రోడ్డు. తెల్లారేసరికి మబ్బులు చూడాలంటే వైజాగ్ నుంచి అర్ధరాత్రి బయల్దేరాలి, పాడేరు ఘాట్ రోడ్డు చీకట్లో ఎక్కాలి, పొగమంచులో మలుపులు తిరగాలి, మళ్లీ అదే రోజు మధ్యాహ్నం దిగాలి. వెనకాల సీట్లలో మీరు పాటలు పెట్టుకుని నిద్రపోతారు, డ్రైవరుకు ఆ వీలు లేదు. కాబట్టి మొహమాటం లేకుండా అడగండి: రాత్రంతా బండి నడిపిన డ్రైవరే మధ్యాహ్నం కూడా నడుపుతాడా, మేం కొండెక్కినప్పుడు ఆయన పడుకుంటాడా, ముందురోజు ఇంకో ట్రిప్పు వేశాడా, బండి పసుపు ప్లేటుదేనా. ఇవి అడిగితే నవ్వే ఆర్గనైజర్లూ ఉన్నారు. వాళ్లతో వెళ్లకండి. ముందురోజు సాయంత్రమే పాడేరులోనో అరకులోనో దిగి రాత్రి పడుకుని వెళ్లే గ్రూపు దొరికితే కొంచెం డబ్బులు ఎక్కువైనా దానికే నా ఓటు.

పర్మిషన్ సంగతి చాలామంది అడగరు. కంబాలకొండ అభయారణ్యం ఊళ్లోనే ఉన్నట్టుంటుంది, హైవే పక్కనే, జూ పక్కనే, కానీ అందులో చిరుతలున్నాయి. అటవీ శాఖ టికెట్ తీసుకుని, వాళ్లు వదిలిన దారిలో, వాళ్లు చెప్పిన టైములోనే వెళ్లాలి. వెనక కాలనీ నుంచి షార్ట్‌కట్ ఉందనే గ్రూపును అక్కడికక్కడే వదిలేయండి. డాల్ఫిన్స్ నోస్ వైపు నేవీ పరిధి ఉంది, ఎక్కడ పడితే అక్కడ ఎక్కడానికీ, ఫోటోలు తీయడానికీ లేదు. బొర్రా, అరకు వైపు వెళ్లేవాళ్లు కొందరు కిరండూల్ లైను పట్టాల మీదుగా, టన్నెళ్ల గుండా నడిపిస్తారు, వీడియోకి బాగుంటుందని. అది రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, పైగా టన్నెల్లో ఉండగా ఐరన్ ఓర్ గూడ్సు వస్తే పక్కకు తప్పుకోడానికి చోటు సరిపోదు.

నీళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త. ఏజెన్సీలో, అంటే అరకు, పాడేరు వైపు మన్యంలో, ఎండ కాస్తున్న చోటికి కూడా ఎగువన ఎక్కడో పడిన వాన గెడ్డలోకి, అంటే వాగులోకి, వచ్చేస్తుంది. తేటగా ఉన్న నీళ్లు ఒక్కసారి బురద రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, చప్పుడు మారినా వెంటనే ఒడ్డెక్కాలి, బ్యాగు తర్వాత చూసుకోవచ్చు. పొంగుతున్న గెడ్డను తాడు పట్టుకుని దాటిద్దాం అనే లీడరు కంటే, ఆగుదాం, తగ్గాక దాటుదాం అనే లీడరు మేలు. జలపాతాల కింద గుంటల్లో లోతు పైకి తెలియదు, రాళ్లు పాకుడు పట్టి ఉంటాయి, అందుకే అక్కడ ఈతకు ఒప్పుకోని గ్రూపును చాదస్తం అనుకోకండి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే ట్రిప్ రద్దు చేస్తారా, డబ్బులు తిరిగిస్తారా అని కట్టకముందే అడగండి. రీఫండ్ లేని చోట ఆర్గనైజరుకే కాదు, మీకూ ఎలాగోలా వెళ్లిపోదాం అనిపిస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసిన ఊరికి ఇది విడమరిచి చెప్పాలా?

దెబ్బ తగిలితే ఏం చేస్తారన్నది సూటిగా అడగండి. ఫస్ట్ ఎయిడ్ బాక్సు ఉందంటారు, అందరి దగ్గరా ఉంటుంది. దాన్ని వాడడం నేర్చుకున్న మనిషెవరు, ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతుంది, దగ్గర్లో ప్రభుత్వ ఆసుపత్రి ఎక్కడ, బండి ఎంతవరకు రాగలదు, ఈ నాలుగూ చెప్పగలగాలి. పాము కరిస్తే ఏం చేస్తారని అడగండి, ఇది మంచి పరీక్ష. గట్టిగా తాడు కడతాం, కోసి రక్తం తీస్తాం అంటే ఫోన్ పెట్టేయండి. కరిచిన కాలు కదలకుండా చెక్కతోనో కర్రతోనో ఆనించి, మనిషిని నడిపించకుండా, 108కి ఫోన్ చేసి, యాంటీవెనమ్ ఉండే ఆసుపత్రికి మోసుకెళ్లాలి, అంతే.

మీ వైపు నుంచి కూడా నిజం చెప్పాలి. ఆస్తమా, బీపీ, షుగరు, మోకాలి నొప్పి ఉంటే దాచకండి. మీకు రోజూ వేసుకునే మందులు ఉంటే, అవి బ్యాగులో ఎక్కడున్నాయో స్వీప్‌కు తెలియాలి. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచాను, నాకేంటి అంటారు కొందరు. అప్పన్న దయ, కాదనను, కానీ అది రోడ్డు మీద నడక, అడుగడుగునా మజ్జిగ, మంచినీళ్లు ఇచ్చేవాళ్లు ఉంటారు. కొండ మీద మీ నీళ్లు మీరే మొయ్యాలి. మన దగ్గర గాల్లో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, అందుకే సగం రోజు నడకకైనా మూడు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. చెప్పులతో రావచ్చు అనే గ్రూపు ఎక్కడికి తీసుకెళ్తోందో ఇంకోసారి అడగండి.

ఆడవాళ్లు ఇంకో నాలుగు విషయాలు తేల్చుకోవాలి: లీడర్లలో ఆడవాళ్లున్నారా, దారిలో బాత్రూమ్‌కు ఎక్కడ ఆపుతారు, రాత్రి బస ఉంటే గదులు ఎలా, తిరిగొచ్చాక పదకొండింటికి హనుమంతవాకలో దింపేసి వెళ్లిపోతారా, లేక అందరూ ఇళ్లకు చేరేదాకా చూస్తారా. వీలైతే ఇంతకుముందు వాళ్లతో వెళ్లిన ఒక అమ్మాయి నంబరు అడిగి మాట్లాడండి.

మొదటిసారికి మాత్రం ఊరి దగ్గరే చూసుకోండి. కంబాలకొండలో పొద్దున్నే నడక, లేదా బీచ్ రోడ్డులో తొట్లకొండ. అక్కడ రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం ఉంది, సముద్రం కనిపిస్తుంది, కాకపోతే నీడ తక్కువ, తొమ్మిదికల్లా దిగిపోవాలి. అలాంటి చిన్న నడకలో అదే గ్రూపు ఎలా నడుపుతుందో చూశాక అరకు, పాడేరు వైపు వెళ్లడం తెలివైన పని. "ఏం జరిగినా బాధ్యత నాదే" అనే ఫారం మీద సంతకం పెట్టమంటారు, పెట్టండి, కానీ ఆ కాగితం ఉందని జాగ్రత్తలన్నీ ఉన్నట్టు కాదు. డబ్బులు కట్టాక లీడర్ల పేర్లు, బండి నంబరు, తిరిగొచ్చే టైము ఇంట్లో ఒకరికి పంపండి. మద్దిలపాలెంలో బస్సెక్కేటప్పుడు ముగ్గురు లీడర్లన్న చోట ఒక్కడే కనిపిస్తే, లేదా ఎవరూ పేర్లు సరిచూడకుండా బండి కదులుతుంటే, దిగిపోయి ఆటో ఎక్కండి, డబ్బుల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఏజెన్సీ వెళ్లొచ్చిన వారానికో, నెలకో జ్వరం వస్తే డాక్టరుకు మొదట చెప్పాల్సిన మాట అక్కడికి వెళ్లొచ్చానని. అక్కడ మలేరియా ఉంది, రక్తపరీక్ష ఆలస్యం చేయకూడదు.