పాయింట్ మోటార్లకు వైరు కలిపే ముందు

బెజవాడ స్టేషన్ చుట్టుపక్కల పెరిగినవాడు ఇంట్లో బల్ల మీద మోడల్ రైలు లేఅవుట్ కడితే చిన్నదానితో ఆగడు. గుంటూరు లైను, గుడివాడ లైను, కాజీపేట లైను అన్నీ కావాలంటాడు. పాయింట్లు, అంటే బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టా మీదికి మళ్లించే చోట్లు, డజను దాటిపోతాయి. దసరా సెలవులకు పిల్లలు దిగేలోపు వాటికి మోటార్లు పెట్టేద్దామనుకుంటే, ముందు మీ మోటారు ఏ రకమో చూసుకోండి. స్విచ్చులు కొనేది ఆ తర్వాతే.

నేను తిరగేసి చేశాను. చూడ్డానికి బాగున్నాయని వేసిన చోటే నిలిచే ఆరు కాళ్ల టోగుల్ స్విచ్చులు డజను కొనేసి సాలినాయిడ్ మోటార్లకు, అంటే కాయిల్ అయస్కాంతంలా ఒక్కసారిగా లాగి పాయింటు మార్చేవాటికి, తగిలించాను. మధ్యలో ఆఫ్ ఉందిగా, వేసి వెంటనే తీసేస్తాంలే అనుకున్నా. మా అన్నయ్య కొడుకు వేశాడు, తీయడం మరిచాడు. "బాబాయ్, ఏదో కాలిన వాసన" అనేసరికే కాయిల్ నల్లబడి పక్కన ప్లాస్టిక్ మెత్తబడిపోయింది.

పెకో కంపెనీ పీఎల్-10 లాంటి సాలినాయిడ్‌లో రెండు కాయిల్స్ ఉంటాయి. ఒకటి ఇటు లాగుతుంది, ఒకటి అటు. కరెంటు కావలసింది క్షణమే, కానీ ఆ క్షణంలో మూడు నాలుగు ఆంపియర్లు లాగేస్తుంది. అదే ఆగకుండా పారితే సన్నటి తీగ తట్టుకోదు. అందుకే వదలగానే తెరుచుకునే పుష్ బటన్ వాడాలి. బటన్ ఇరుక్కుపోతే? పిల్లాడు నొక్కిపట్టుకుంటే? దానికే మధ్యలో కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్, అంటే సీడీయూ. నిల్వ ఉన్న ఛార్జ్‌ను ఒక్క దెబ్బలో వదిలేస్తుంది, బటన్ వదిలేదాకా మళ్లీ నిండదు. సొంతంగా చేసుకునేవాళ్లు గుర్తుంచుకోండి: 16 వోల్టుల ఏసీ ఇస్తే కెపాసిటర్ మీద 22 వోల్టుల పైనే చేరుతుంది. 25 వోల్టులది అంచు మీద ఉన్నట్టే, 35ది వేయండి. ప్లస్, మైనస్ తారుమారైతే అది పేలొచ్చు.

టార్టాయిస్ లాంటి నెమ్మది మోటారు సంగతి పూర్తిగా వేరు. చివరికి చేరి ఆగినా 12 వోల్టుల మీద పదిహేను మిల్లీఆంపియర్ల చుట్టూనే తీసుకుంటుంది కాబట్టి కరెంటు అలాగే ఉంచేయొచ్చు, ఉంచాలి కూడా. దీనికి పుష్ బటన్ పెడితే పాయింటులో కదిలే పట్టా ముక్క (బ్లేడు) సగంలో ఆగి బండి పట్టాలు తప్పుతుంది.

సర్వోలు, అంటే చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటార్లు, చవకే. కానీ కరెంటు పోయి వచ్చినప్పుడు ఉలిక్కిపడి పాయింటును లాగేస్తాయి. కరెంటు పోగానే మెయిన్ స్విచ్ తీసేయండి. వాటిని నడిపే ఆర్డువినో కంట్రోలర్ బోర్డు నుంచే వాటికి పవర్ ఇవ్వకండి.

డీసీసీ, అంటే పట్టాల ద్వారానే డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి, వాడేవాళ్లు ఆ ఆదేశాలు చదివి పాయింట్లు మార్చే డీకోడర్లకు పట్టాల నుంచి కాక వేరే లైను లాగండి. తప్పు దారిలో ఉన్న పాయింటు మీదికి ఇంజన్ వెళ్లి షార్ట్ అయితే పట్టాలకు పవర్ పోతుంది, ఆ పాయింటును మార్చడానికీ ఉండదు.

230 వోల్టుల వైరు మాత్రం బల్ల కిందికి రానివ్వద్దు. ట్రాన్స్‌ఫార్మర్ గోడ దగ్గరే ఉండాలి.

ఇప్పుడు మా ఇంట్లో సాలినాయిడ్లు నాలుగే మిగిలాయి, వాటికి ఎర్ర బటన్లు. తొందరపడి కొన్న టోగుళ్లన్నీ టార్టాయిస్‌లకు సరిపోయాయి.