మామిడి ఆకు డీఎన్‌ఏ ఎంజైముకు తెగనప్పుడు: నా అనుభవం

ముదురు మామిడి ఆకుల నుంచి సీటాబ్ (కణపొరలను కరిగించే సబ్బులాంటి రసాయనం) పద్ధతిలో తీసిన డీఎన్‌ఏలో మిథైలేషన్ (డీఎన్‌ఏకు మిథైల్ గుంపు అంటుకుని ఉండటం) చూద్దామని, డీఎన్‌ఏను ఒక నిర్దిష్ట వరుస వద్ద కోసే హెచ్‌పా-2, ఎంఎస్‌పీ-1 ఎంజైములు వేస్తే రెండూ కోయలేదు. రెండూ కోసేది డీఎన్‌ఏలోని సీసీజీజీ అనే అక్షర వరుసనే. అందులో లోపలి సైటోసిన్ (సీ)పై మిథైల్ ఉంటే మొదటిది ఆగుతుంది. రెండోదానికి ఆ అడ్డు లేదు. ఎంజైము రెట్టింపు చేయడం, రాత్రంతా ఉంచడం, మళ్లీ క్లోరోఫామ్‌తో కడగడం, ఏదీ ఫలించలేదు.

అసలు దారి చూపింది లాంబ్డా డీఎన్‌ఏ, అంటే ఈ ఎంజైముకు మామూలుగా తెగే ఒక బ్యాక్టీరియా వైరస్ డీఎన్‌ఏ. దాన్ని నా నమూనాలో కలిపి ఎంఎస్‌పీ-1 వేస్తే అదీ తెగలేదు కనుక, దోషం మిథైలేషన్‌ది కాదని, ఆకులోని జిగురు, ఫినాల్ పదార్థాలదని నిశ్చయమైంది.

అందుకే ద్రవ నత్రజనిలో నూరిన పొడిని, సీటాబ్ తగలకముందే, 0.35 మోలార్ సార్బిటాల్, 1 శాతం పీవీపీ (ఫినాళ్లను పట్టుకునే పాలిమర్), 1 శాతం మెర్కాప్టోఇథనాల్ (ఆక్సీకరణను ఆపేది) ఉన్న చల్లని బఫర్‌లో కలిపి, 5,000 జీ (భూమ్యాకర్షణకు 5,000 రెట్లు) వద్ద 5 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైద్రవం పారబోశాను. ఇలా మూడుసార్లు కడిగాను. మొదటిసారి ఆ పైద్రవం జిగురుగా తీగ సాగింది, మూడోసారికి పలచబడింది. ఈ దశలో కణకేంద్రకాలు చాలావరకు అడుగునే నిలుస్తాయి. తరువాతే 65 డిగ్రీల సీటాబ్, క్లోరోఫామ్. చివర ఉప్పును సుమారు 2 మోలార్‌కు పెంచి ఇథనాల్ పోశాను. గోధుమరంగు జెల్లీకి బదులు తెల్లని పోగు వచ్చింది, శుద్ధతను తెలిపే 260/230 నిష్పత్తి (ఆ రెండు నానోమీటర్ల కాంతిని పీల్చిన తీరు) 1.9 చూపింది. ఎంఎస్‌పీ-1 బాగా కోసింది, హెచ్‌పా-2 తక్కువగా కోసింది, అంటే మిథైలేషన్ ఇప్పుడు కనబడింది.

లేత ఆకులకు ఒక్క కడుగు చాలవచ్చు, ఇతర మొక్కల్లో నేను పరీక్షించలేదు. ఈ పద్ధతిలో హిస్టోన్లు (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్లు) ఊడిపోతాయి కాబట్టి, 147 బేస్ జతల డీఎన్‌ఏ చుట్టుకున్న హిస్టోన్ల ఉండలైన న్యూక్లియోసోముల మీది రసాయన గుర్తులు కావాలనుకునేవారు క్రొమాటిన్‌నే (డీఎన్‌ఏ, హిస్టోన్లు కలిసిన రూపాన్నే) విడిగా తీయాలి.