రెండు పెన్సిల్ సెల్లులతోని ఏండ్లకొద్దీ నడిచే టెంపరేచర్ సెన్సర్

మా పెద్దనాయినకు పరకాల దగ్గర కోళ్ల షెడ్డు ఉన్నది. కోడిపిల్లలు దిగిన మొదటి వారం షెడ్డు లోపల 32 నుంచి 34 డిగ్రీలు ఉండాలె, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకుంట రావాలె, అందుకని చలికాలంల అర్ధరాత్రి లేచి టార్చిలైటు పట్టుకొని పోయి థర్మామీటర్ చూసొస్తడు. ఇంటికి షెడ్డుకు ఒక 40 మీటర్లు. "ఇంట్ల కూసోని చూసేటట్టు ఏమన్న చెయ్యిరా" అన్నడు. నేను చేసిన మొదటిది పదిహేను రోజులకే సెల్లులు తాగి పడుకున్నది, రెండోది పోయినేడు పెట్టిన సెల్లులతోనే ఇంకా నడుస్తున్నది. రెండిట్ల సామాన్లు దాదాపు అవే, తేడా అంతా బోర్డును నిద్రపుచ్చుడుల ఉన్నది.

సామాన్లు: ఆర్డుయినో ప్రో మినీ (ప్రోగ్రాం ఎక్కించుకునే చిన్న బోర్డు, 3.3 వోల్టులు, 8 మెగాహెర్ట్జ్‌ది, 5 వోల్టులది వద్దు), ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 ప్లస్ రేడియో రెండు (ఒకటి షెడ్డుల నుంచి రీడింగ్ పంపేటందుకు, ఒకటి ఇంట్ల అందుకునేటందుకు), 10కే (10 కిలో ఓమ్‌ల) థర్మిస్టర్ (వేడిని బట్టి రెసిస్టెన్స్ మారేది), 10కే రెసిస్టర్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఏఏ సెల్లులు రెండు. ఇంట్ల ప్లగ్గుకు పెట్టే రిసీవర్‌కు ఏ ఆర్డుయినో అయినా నడుస్తది, కాకపోతే ఇన్వర్టర్ లైనుల పెట్టుండ్రి, కరెంటు పోయి ఫ్యాన్లో బల్బులో ఆగినప్పుడే కదా మనకు రీడింగ్ కావాల్సింది.

అందరు డీఎస్18బీ20 అనే డిజిటల్ టెంపరేచర్ సెన్సర్ పెట్టమంటరు, మంచిదే గాని దానికి కనీసం 3 వోల్టులు కావాలె, రెండు సెల్లులు జర తగ్గినయంటే అది స్పెక్ దాటినట్టే. థర్మిస్టర్‌కు ఆ లొల్లి లేదు. బోర్డు మీది డీ9 పిన్ నుంచి రెసిస్టర్ ఏ0 పిన్‌కి, ఏ0 నుంచి థర్మిస్టర్ గ్రౌండుకి. రీడింగ్ తీసేటప్పుడే డీ9 ఆన్ చేసి, అయిపోంగనే ఆఫ్ చెయ్యాలె. ఏడీసీ (పిన్ మీది వోల్టేజీని నంబరు చేసే చిప్ భాగం) రిఫరెన్స్ కూడా అదే సెల్లు వోల్టేజీ కాబట్టి సెల్లు తగ్గినా రెండిటి నిష్పత్తి మారది, రీడింగ్ కరెక్టే వస్తది. చిప్ నిద్ర లేవంగనే వచ్చే మొదటి రీడింగ్ మాత్రం పారెయ్యుండ్రి. నంబరును డిగ్రీలు చేసేటందుకు బీటా ఫార్ములా, చాలా థర్మిస్టర్లకు బీటా 3950 ఉంటది, కొన్నకాడ అడుగుండ్రి. స్టీలు గ్లాసుల ఐసుగడ్డలు, నీళ్లు కలిపి అండ్ల ముంచి చూస్తే 0 దగ్గర రావాలె, ఎంత తేడా వస్తే అంత కోడ్‌ల సరిచేసుకోవాలె. ముంచే ముందు థర్మిస్టర్ కాళ్లకు హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) తొడగాలె.

ఇగ అసలు కథ. బోర్డు మీద ఎర్రగ వెలిగే పవర్ ఎల్ఈడీ ఉంటది కదా, అది 1 మిల్లీ ఆంప్ తాగుతదనుకున్నా 2000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంప్ అవర్) సెల్లులు 83 రోజులకు ఖతం, మనం ఏ పనీ చెయ్యకముందే! దాన్ని పీకెయ్యాలె. రెగ్యులేటర్ (వోల్టేజీని సరిచేసే భాగం) కూడా పీకేసి సెల్లులను రా (RAW) పిన్‌కు కాదు, నేరుగ వీసీసీకి ఇయ్యాలె. కోడ్‌ల డిలే (ఊరికే ఆగమనే కమాండ్) పెడితే చిప్ మేలుకొనే ఉంటది, నా మొదటిదాంట్ల చేసిన తప్పు ఇదే. 'లో పవర్' అనే లైబ్రరీ తీస్కొని 8 సెకండ్ల నిద్రను 38 సార్లు తిప్పితే ఐదు నిమిషాలు, అప్పుడు ఏడీసీ, బ్రౌనౌట్ (వోల్టేజీ తగ్గితే చిప్‌ను ఆపేది) రెండూ ఆఫ్ పెట్టాలె. ఇట్ల పడుకున్న ఏటీమెగా328పీ (బోర్డు మీది చిప్) వాచ్‌డాగ్‌తో (నిద్ర లేపే టైమర్) కలిపి 4 మైక్రో ఆంప్‌ల చిల్లర తాగుతది, రేడియోను పవర్ డౌన్ చేస్తే అది 1 కూడా దాటది. రేడియో పంపేటప్పుడు 11 మిల్లీ ఆంప్‌ల దాకా గుంజినా అది కొన్ని మిల్లీ సెకండ్లే, ఐదు నిమిషాల మీద పంచితే లెక్కల కనపడది. మొత్తం సగటు 7 మైక్రో ఆంప్‌లు అనుకుంటే ఏడాదికి 61 ఎంఏహెచ్, అంటే కాగితం మీద ముప్పై ఏండ్లు, సెల్లే అంతకుముందు తనంతట తాను సచ్చిపోతది.

రేడియో సంగతి జర జాగ్రత్త. కెపాసిటర్‌ను దాని వీసీసీ, గ్రౌండ్ కాళ్లకే అంటించాలె, లేకుంటే పంపినప్పుడు వోల్టేజీ జారి సగం ప్యాకెట్లు పోతయి, నేను రెండు రోజులు కోడ్‌నే తిట్టుకున్న. స్పీడు 250 కేబీపీఎస్ పెడితే దూరం పోతది. ఛానల్ 76 అంటే 2476 మెగాహెర్ట్జ్, వైఫై 11వ ఛానల్‌కు తగలకుంట ఉంటది. రీట్రైలు (అందకపోతే మళ్ల పంపుడు) ఐదుకు మించి పెట్టకుండ్రి, రిసీవర్ ఆఫ్ ఉన్న రోజు పంపుకుంటనే ఉండి సెల్లు ఊడ్చేస్తది.

కరెంట్ కొలిచేటప్పుడు మల్టీమీటర్‌ను డైరెక్టుగ మైక్రో ఆంప్ రేంజిల పెడితే మీటర్లనే వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అయితనే ఉంటది. మీటర్ రెండు కాళ్ల మధ్య ఒక వైరు అడ్డం పెట్టి, బోర్డు పడుకున్నంక ఆ వైరు తీసి చూడుండ్రి. 10 మైక్రో ఆంప్‌ల లోపల ఉంటే ఓకే. వందలల్ల చూపిస్తే రెగ్యులేటర్ ఇంకా ఉన్నదన్నా అయి ఉండాలె, రేడియో డూప్లికేట్‌దన్నా అయి ఉండాలె.

షెడ్డుల అమ్మోనియా రాగిని తొందరగ తింటది, బోర్డుకు నెయిల్ పాలిష్ రెండు కోట్లు కొట్టిన, యాంటెన్నా మీద, పిన్నుల మీద పడకుంట. థర్మిస్టర్ వైరు మాత్రం పిల్లల వీపు ఎత్తుకు దించాలె, పైన రేకుల దగ్గర కట్టినప్పుడు ఎండపూట ఏదో పొయ్యి లోపలి లెక్క చూపించింది.

టెంపరేచర్‌తో పాటు సెల్లు వోల్టేజీ కూడా పంపుండ్రి, చిప్ లోపలి 1.1 వోల్ట్ రిఫరెన్స్‌తో కొలవొచ్చు. బ్రౌనౌట్ ఫ్యూజ్ (చిప్ లోపలి సెట్టింగ్, కాలిపోయే ఫ్యూజ్ కాదు) మామూలుగ 2.7 వోల్టుల దగ్గర ఉంటది, యూఎస్‌బీ ఏఎస్‌పీతో (ఆ సెట్టింగ్ మార్చే ప్రోగ్రామర్) 1.8కి దించుకుంటే 2.4 దాకా సెల్లులను వాడుకోవచ్చు, 8 మెగాహెర్ట్జ్‌కు అంతకంటే కిందికి పోనియ్యొద్దు. మార్చేటప్పుడు రెండు సెల్లులు కలిపే మార్చాలె, ఒకటి కొత్తది ఒకటి పాతది పెట్టొద్దు.