రేపటి హెచ్.ఎం.కు పాఠాలు – 4: పక్క తరగతిలో వెనక బెంచీ

కిందటి పాఠంలో మీ బడి టైంటేబుల్‌ను ఒక పెద్ద కాగితం మీద గీయమన్నాను. ఆ కాగితం ఇప్పుడు కావాలి. గీయనివాళ్లు ముందు ఆ పని చేసి రండి, అరగంట కూడా పట్టదు. అందులో మీకు లీజర్ (క్లాసు లేని పీరియడ్) ఉండి, మీ పక్క టీచర్‌కు క్లాసు ఉన్న గళ్లన్నిటికీ పెన్సిల్‌తో సున్నా చుట్టండి. వారానికి రెండో మూడో వస్తాయి. ఈ వారం మన పనంతా ఆ సున్నాల్లోనే: తోటి టీచర్ తరగతిలో వెనక కూర్చుని పిల్లల్ని చూడడం.

మన దగ్గర స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్టు టీచర్) హెచ్.ఎం. అయ్యే తీరు మీకు తెలుసు. గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్టు అనే శాఖాపరమైన పరీక్షలు పాసై ఉంటాం. సీనియారిటీ జాబితాలో పేరు పైకొస్తుంది. కౌన్సెలింగ్‌లో ఊరు ఎంచుకుంటాం. నిన్న సాయంత్రం దాకా లెక్కల మాస్టారు, ఇవాళ పొద్దున హెచ్.ఎం. గారు. ఆ పరీక్షల కోసం చదివిన రూల్సు, ఖాతాలు అక్కరకొస్తాయి, కాదనను. డి.డి.ఓ.గా, అంటే బిల్లులు పెట్టి డబ్బు డ్రా చేసే అధికారిగా, సంతకం పెట్టేవారికి బిల్లుల సంగతి తెలియకపోతే స్టాఫ్ జీతాలు ఆగుతాయి. కానీ ఇంకొకరి తరగతిలో కూర్చుని, అక్కడ పిల్లలు నేర్చుకుంటున్నారా లేదా అని చూడగలగడం పరీక్ష హాల్లో వచ్చే విద్య కాదు. ఇరవై ఏళ్లు మన క్లాసు మనం చెప్పుకున్నాం, పక్క గదిలో ఏం జరుగుతోందో చూడాల్సిన అవసరమే రాలేదు. హెచ్.ఎం. కుర్చీలో కూర్చున్న రోజు నుంచి ఆ పక్క గదులన్నీ మనవే.

ఢిల్లీలోని నీపాలో (జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ) పాఠశాల నాయకత్వం కోసం జాతీయ కేంద్రం 2012లో మొదలైంది. 2020 జాతీయ విద్యా విధానం టీచర్లకూ, హెచ్.ఎం.లకూ ఏటా 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. ఆ గంటల్లో కొన్నయినా సొంత బడిలో, తోటి టీచర్ తరగతిలో, వెనక బెంచీ మీద గడవాలని నా గట్టి నమ్మకం. ప్రమోషన్ వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. అప్పుడు మీరు ఎంత మెల్లగా వెళ్లి కూర్చున్నా దాన్ని తనిఖీ అనే అనుకుంటారు.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. ప్రత్తిపాడు వైపు ఒక హైస్కూల్లో హెచ్.ఎం.గా చేరిన కొత్తలో, ఎనిమిదో తరగతిలోకి చెప్పకుండా వెళ్లాను. టీచర్ బోర్డు మీద ఒక మాట తప్పుగా రాశారు. చాక్‌పీసు తీసుకుని, పిల్లలందరి ముందే దిద్దాను. మంచిపని చేశాననే అనుకున్నాను. ఆ తర్వాత నేను వరండాలో కనబడితే చాలు, ఆమె చెప్పేది ఆపేసి, పాఠ్యపుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టేవారు. ఆ ఏడాదంతా ఆమె నిజంగా పాఠం ఎలా చెబుతారో నేను చూడలేకపోయాను. ఆ ముప్పైఎనిమిది మంది పిల్లలకు ఏం కావాలో తెలుసుకునే దారిని నా చేతులతో నేనే మూసేశాను. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఎవరి దగ్గర మొదలుపెట్టాలి

మీరు క్యారేజీ పంచుకుని తినే టీచర్ దగ్గర. సబ్జెక్టు వేరైనా ఫర్వాలేదు, వేరైతేనే మంచిది. లెక్కల టీచర్ లెక్కల క్లాసులో కూర్చుంటే చూపంతా పాఠం మీదకే పోతుంది, పిల్లలు కనబడరు.

ముందు ఆయన్ని మీ తరగతికి పిలవండి. ఇది తప్పించుకోకండి. మీ పాఠాన్ని ఆయన చూసి, తను రాసుకున్న కాగితం మీ చేతికి ఇచ్చినప్పుడు గుండె ఎలా కొట్టుకుంటుందో ఒకసారి తెలియాలి. ఆ తర్వాత మీరు అడగండి: "సార్, మీ ఆరో తరగతిలో ఒక పీరియడ్ వెనక కూర్చోనా? నేను చూసేది పిల్లల్ని. రాసుకున్న కాగితం మీకే ఇచ్చేస్తాను, నా దగ్గర నకలు ఉండదు." ఈ మాటలు ఇంతే సూటిగా ఉండాలి. మీ హెచ్.ఎం. గారికి కూడా ముందే చెప్పండి. ఏ రిజిస్టర్‌లోనూ రాయవద్దు. ఫోన్ బయటకు తీయవద్దు, ఫొటో కూడా వద్దు.

ఆయన వద్దంటే బలవంతం లేదు. ఇంకొకరిని అడగండి.

కాగితం మీద ఏం రాయాలి

తెల్లకాగితం సగానికి మడవండి. పై సగంలో బెంచీల బొమ్మ: ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఏ చోటు ఖాళీగా ఉందో. టీచర్ ఎవరిని ప్రశ్న అడిగితే ఆ చోట ఒక గీత. పిల్లలు తమంతట తాము ఏదైనా అడిగితే అక్కడ చుక్క. కింది సగంలో నిమిషం వేసి, ఏం జరిగిందో చిన్న వాక్యాలు. ఇంతకు మించి ఫార్మాట్ వద్దు. పెద్ద పెద్ద ఫార్మాట్లు చేతిలో ఉంటే కళ్లు గళ్ల మీదే ఉంటాయి, పిల్లల మీద ఉండవు.

ఒక్కటే నియమం: చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు. వినడానికి తేలికే కానీ, నాకు దీని మీద పట్టు రావడానికి రెండేళ్లు పట్టింది. ఈ కింది వాక్యాల్లో ఏవి చూసినవి, ఏవి అనుకున్నవి? చేత్తో మూసుకుని ఒక్కొక్కటే చదవండి.

"పిల్లలు శ్రద్ధగా విన్నారు."
"కిటికీ పక్క ఇద్దరు అబ్బాయిలు పన్నెండు నిమిషాలు ఏమీ రాయలేదు."
"టీచర్‌కు సబ్జెక్టు మీద మంచి పట్టుంది."
"టీచర్ తొమ్మిది ప్రశ్నలు అడిగారు. ఏడు మొదటి రెండు బెంచీలకే."
"వెనకవాళ్లకు ఆసక్తి లేదు."

రెండోది, నాలుగోది మాత్రమే చూసినవి. "శ్రద్ధగా విన్నారు" అన్నది మెచ్చుకోలు కాబట్టి రాయొచ్చు అనిపిస్తుంది. వద్దు. శ్రద్ధ కంటికి కనబడదు. కళ్లు బోర్డు వైపు ఉండడం కనబడుతుంది, నోట్సులో రాయడం కనబడుతుంది. మెచ్చుకోలుగా రాసిన అభిప్రాయం ఇవాళ ఒప్పుకుంటే, రేపు తిట్టుగా రాసిందీ ఒప్పుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు ఒక పీరియడ్ నోట్సు చూడండి. ఆరో తరగతి, భిన్నాల సంకలనం. ఇది అభ్యాసం కోసం నేను కూర్చిందే కానీ, ఇలాంటిది మీ బడిలోనూ కనబడుతుంది.

0 – సార్ బోర్డు మీద 1/3 + 1/4 రాశారు. క.సా.గు. 12 అని చెప్పారు.
6 – లెక్క పూర్తయింది, జవాబు 7/12. "అర్థమైందా?" "అయ్యింది సార్" అని అందరూ ఒక్కసారే.
8 – 1/2 + 1/5 చేయమన్నారు. సార్ మొదటి వరసలో నడుస్తున్నారు.
11 – మూడో బెంచీ అమ్మాయి నోట్సులో 2/7. పక్కమ్మాయి అది చూసి తనదీ 2/7 అని దిద్దుకుంది.
14 – ముందు బెంచీ అబ్బాయి 7/10 చెప్పాడు. సార్ "వెరీ గుడ్" అన్నారు. మూడో బెంచీ అమ్మాయి 2/7 కొట్టేసి 7/10 రాసుకుంది.

పదకొండో నిమిషం, పద్నాలుగో నిమిషం. ఈ రెంటి కోసమే మనం వెనక కూర్చుంది. ముందు నిలబడి పాఠం చెప్పేవారికి అది కనబడదు, అందులో ఆయన తప్పేమీ లేదు. ఆ అమ్మాయి పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపింది. జవాబు దిద్దుకుంది, ఆలోచన దిద్దుకోలేదు. రేపు పరీక్షలో మళ్లీ అదే వస్తుంది. పక్కమ్మాయి ముందు ఏం రాసి ఉంటుంది? బహుశా 7/10 రాసి ఉండొచ్చు, కొట్టేసింది కాబట్టి మనకు తెలియదు. తెలియనిది కాగితం మీద రాయం.

ఖాళీ చోట్ల గురించి ఒక మాట. జనవరి నుంచి మార్చి దాకా మన పల్లెల్లో మిరప కోతలు. 2022 ఏప్రిల్ 4న మన గుంటూరు జిల్లా మూడుగా విడిపోయింది కానీ, మేడికొండూరులోనైనా అటు పల్నాడులోనైనా కోతల కాలంలో బెంచీలు ఒకేలా ఖాళీ అవుతాయి. ఆ నెలల్లో వేసిన బొమ్మ మీద, పది రోజుల తర్వాత తిరిగొచ్చిన పిల్లల చోటు దగ్గర చిన్న గుర్తు పెట్టండి. పీరియడ్ అయ్యేసరికి ఆ గుర్తుల దగ్గర ఎన్ని గీతలు పడ్డాయో చూడండి. నేను చూసిన చాలా తరగతుల్లో ఒక్కటీ పడలేదు. టీచర్ కావాలని వదిలేయడు. జవాబు రాదని తెలిసిన పిల్లవాణ్ని అడిగి చిన్నబుచ్చడం ఎందుకని, జాలితోనే వదిలేస్తాడు.

తర్వాతి మాట

ఇదే కష్టమైన భాగం, కాబట్టి నిదానంగా చదవండి.

అదే రోజు మాట్లాడాలి. స్టాఫ్ రూంలో వద్దు. గుంటూరు నుంచి రాకపోకలు చేసేవాళ్లు సాయంత్రం బస్సులో మాట్లాడుకోవచ్చు అనుకుంటారు, బస్సులో అసలే వద్దు, ఊళ్లోవాళ్లంతా వింటారు. మధ్యాహ్న భోజనం అయ్యాక, గ్రౌండ్‌లో చెట్టు కింద పది నిమిషాలు చాలు. కాగితం ముందే ఆయన చేతికి ఇచ్చేయండి. ఆయన చదువుకోనివ్వండి.

"సార్, ఈ పదకొండో నిమిషం చూడండి. ఆ అమ్మాయి 2/7 రాసింది. ఎలా ఆలోచించి ఉంటుందంటారు?"

"పైదీ కిందదీ కలిపేసింది. ఎన్నిసార్లు చెప్పినా అంతే మేడమ్ వీళ్లు."

ఇక్కడ చాలామంది "మీరు క.సా.గు. ఎందుకు చేయాలో చెప్పలేదు కదా" అనేస్తారు. అన్నారంటే సంభాషణ అక్కడితో సరి. ఇలా అడిగి చూడండి:

"సగానికి ఇంకాస్త కలిపితే సగం కన్నా తగ్గుతుందా అని ఆ అమ్మాయిని అడిగితే ఏమంటుంది?"

2/7 అంటే 1/2 కన్నా తక్కువ. సగం రొట్టెకు ఇంకో ముక్క చేర్చితే సగం కన్నా తగ్గిందని ఏ పిల్లా ఒప్పుకోదు. ఆయన లెక్కల మాస్టారు, ఈ ఒక్క ప్రశ్నతో దారి ఆయనకే తడుతుంది. "రేపు కాగితం మడతపెట్టించి చూపిస్తా" అని ఆయన నోటి నుంచే వస్తుంది. అప్పుడు మీరు సలహా ఇవ్వకండి. నోరు మూసుకుని వినడం ఈ పాఠంలో అన్నిటికన్నా కష్టమైన అభ్యాసం.

తర్వాత ఇద్దరూ కలిసి ఒకే ఒక్క పని ఒప్పుకోండి. మూడు నాలుగు వద్దు. "జవాబు బోర్డు మీద రాసే ముందు వెనక మూడు బెంచీల నోట్సులు చూస్తాను" అన్నంత చిన్నది, చేశామో లేదో లెక్కపెట్టగలిగినది. పది రోజుల్లోపు మళ్లీ వెళ్లి ఆ ఒక్కటే చూడండి. మళ్లీ వెళ్లకపోతే మొదటిసారి వెళ్లింది తనిఖీగానే మిగిలిపోతుంది.

ఇద్దరే టీచర్లున్న ప్రాథమిక పాఠశాల నుంచి వచ్చేవాళ్లు ఏం చేయాలి? లీజర్ అన్న మాటే ఉండదు. మీ పిల్లలకు రాతపని ఇచ్చి, రెండు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, పదిహేను నిమిషాలు చూడండి. బొమ్మ మాత్రం వేయండి, నిమిషాలు రాయలేకపోతే మానేయండి. కుదరకపోతే స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల టీచర్ల) సమావేశం రోజున పక్క ఊరి టీచర్‌తో మాట్లాడుకుని ఒక పూట ఏర్పాటు చేసుకోండి, ఎం.ఇ.ఓ. (మండల విద్యాశాఖాధికారి) గారి అనుమతితో.

ఇంకొకటి చెప్పకుండా వదలలేను. వెనక కూర్చున్నప్పుడు టీచర్ ఒక పిల్లవాణ్ని కొట్టడం చూస్తే? కాగితం మీకే ఇస్తానన్న మాట దానికి వర్తించదు. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. ఆయన్ని వెంటనే బయటకు పిలిచి ఆపండి, అదే రోజు హెచ్.ఎం. గారికి చెప్పండి. స్నేహం పోతుందేమోనని టెన్షన్ ఉంటుంది, నిజమే. అయినా ఆ గదిలో దిక్కులేనిది పిల్లవాడికే.

ఈ వారం పని

మొదటి సున్నాలో మీ తరగతికి తోటి టీచర్‌ను పిలవండి. రెండో సున్నాలో మీరు ఆయన తరగతిలో కూర్చోండి. అదే రోజు పది నిమిషాలు మాట్లాడండి. మాట్లాడాక ఇంటికి వెళ్లి, ఆ పది నిమిషాల్లో మీరు ఎంతసేపు మాట్లాడారో, ఆయన ఎంతసేపు మాట్లాడారో గుర్తు చేసుకుని రాయండి. మీదే ఎక్కువైతే వచ్చే వారం ఇదే పాఠం మళ్లీ చేయండి, ముందుకు వెళ్లకండి.

5వ పాఠం స్టాఫ్ మీటింగ్ గురించి. కాగితం ఎలాగూ టీచర్‌కు ఇచ్చేసి ఉంటారు. మీరిద్దరూ ఒప్పుకున్న ఆ ఒక్క వాక్యాన్ని, మళ్లీ వెళ్లబోయే తేదీ వేసి, డైరీలో రాసుకుని రండి.