బాలల హక్కుల కోసం కంపెనీలతో పనిచేసే ఇంటర్న్‌షిప్: ఎలా చేయాలి?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బాలల హక్కుల మీద పనిచేసే సంస్థలకు వేసవి వస్తే ఇంటర్న్‌లు వస్తారు. ఎక్కువగా ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ), ఎంబీఏ చదువుతున్నవాళ్లు. వాళ్లలో కొందరికి కంపెనీలతో భాగస్వామ్యాల పని అప్పజెబుతారు. మొదటి వారంలో ఏం చేస్తారో నాకు కంఠతా వచ్చు. జిల్లాలో ఉన్న కంపెనీల ఈమెయిళ్లన్నీ ఏరి, రంగురంగుల ప్రజెంటేషన్ ఒకటి తయారుచేసి, అందరికీ అదే పంపేస్తారు. జవాబు రాదు. ఒకవేళ వచ్చిందా, ఎవరి దగ్గర రూపాయి కూడా ముట్టకూడదో వాళ్ల దగ్గర్నుంచే వస్తుంది.

ఈ పని ఏళ్లుగా చేస్తూ, చేయిస్తూ ఉన్నదాన్ని కాబట్టి ముందే చెబుతున్నాను. డబ్బు అడగడం కష్టం కాదు, ఎవరిని అడగొచ్చో తేల్చుకోవడమే కష్టం.

కావలసినవి

ఐడీ కార్డు, సంస్థ లెటర్‌హెడ్ మీద పరిచయ పత్రం, చిన్న నోటు పుస్తకం, నీళ్ల సీసా, టోపీ. అంతే. సంస్థ లోగో ఉన్న టీషర్టు వేసుకుని రాకండి. నోట్సు ఫోనులో రాయకండి, ఫ్యాక్టరీ గేటు ముందు ఫోను తీసిన మనిషి వీడియో తీస్తున్నట్టే లెక్క. పుస్తకంలో చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు. ‘పరిస్థితి బాగాలేదు’ అని రాసుకొస్తే నేను ఆ పేజీ చదవను. ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరు, చేతులతో ఏం చేస్తున్నారు, అది కావాలి.

ముందు చదవాల్సినవి

రెండు రోజులు చాలు. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ చదవండి. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు పెట్టాలి. ఈ డబ్బు తీసుకునే సంస్థకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లతో పాటు, 2021 ఏప్రిల్ నుంచి కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర తీసుకునే సీఎస్ఆర్-1 నంబరు కూడా ఉండాలి. మన సంస్థవి ఫైల్లో ఉన్నాయో లేదో మొదటి రోజే చూసుకోండి.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. 135వ సెక్షన్ కంపెనీలకే, భాగస్వామ్య సంస్థలకు కాదు. మన దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు, రొయ్యల కమీషన్ వ్యాపారాలు, రైసు మిల్లులు చాలావరకు కుటుంబాల భాగస్వామ్యంలో నడుస్తాయి. వాళ్ల దగ్గరికెళ్లి ‘చట్టప్రకారం మీరు రెండు శాతం ఇవ్వాలి’ అంటే లేచి వెళ్లమంటారు, వాళ్లు అన్నది న్యాయమే. వాళ్లు ఇస్తే సొంత జేబులోంచి ఇవ్వాలి. అడిగే పద్ధతి వేరు.

ఆ తర్వాత, బాలల హక్కులు, వ్యాపారం మీద యునిసెఫ్, ఐక్యరాజ్యసమితి గ్లోబల్ కాంపాక్ట్, సేవ్ ద చిల్డ్రన్ కలిసి 2012లో తెచ్చిన పది సూత్రాలు చదవండి. వాటిలో చాలా భాగం విరాళాల గురించి కాదు, కంపెనీ తన పని తాను ఎలా చేసుకుంటోందన్న దాని గురించి. మూడో సూత్రం మన జిల్లాలకు ప్రాణం: కుర్రకారు కార్మికులకు, తల్లిదండ్రులకు మర్యాదైన పని ఉండాలి. తల్లి తెల్లవారుజామున నాలుగింటికే ఆటో ఎక్కితే, చంటిపిల్లను చూసుకోవడానికి ఇంట్లో మిగిలేది పదేళ్ల అక్క. ఆ పిల్ల ఏ ఫ్యాక్టరీలోనూ పని చేయదు, ఏ తనిఖీలోనూ కనపడదు, బడికి మాత్రం రాదు.

ఎవరిని వదిలేయాలి

పొగాకు, మద్యం, ఆయుధాలు, పసిపిల్లల పాల పొడి కంపెనీలు. వీటిని జాబితాలోకే రానివ్వకండి. పాల పొడి సంగతికి 1992 చట్టం ఉంది. ఆ వ్యాపారం చేసేవాళ్లు తల్లుల దగ్గరికి, ఆరోగ్య సిబ్బంది దగ్గరికి బహుమతులతో రాకూడదు. పౌష్టికాహార కార్యక్రమం పేరుతో మన భుజం మీద చెయ్యేసి వస్తామంటే ఒప్పుకోకూడదు.

పొగాకు దగ్గరే ప్రతి ఏడూ వాదన వస్తుంది. ‘ఒంగోలులో కూర్చుని పొగాకు డబ్బు వద్దంటే ఎలా మేడం, టంగుటూరు, కొండపి, పొదిలి అంతా వేలం కేంద్రాలే కదా’ అంటారు. రైతుతో మాట్లాడండి, కొనేవాళ్లతోనూ మాట్లాడండి, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పిల్లల చేత పచ్చాకు పట్టించొద్దని అడగండి. తడి ఆకు పట్టుకుంటే నికోటిన్ చర్మంలోంచే ఒంట్లోకి పోతుంది. పిల్లలకు తల తిరుగుడు, వాంతులు వస్తాయి. మాటలకు అడ్డు లేదు. డబ్బు మాత్రం వద్దు, మన బ్యానరు మీద వాళ్ల లోగో అసలే వద్దు.

ఆరా తీయడం

ఇక్కడ తొందర పడకండి. ఇంటర్న్‌షిప్ రెండు నెలలైతే అందులో నెల దీనికే పోనివ్వండి. మిగతావన్నీ సరిదిద్దుకోవచ్చు, దీన్ని సరిదిద్దుకోలేం. పిల్లల చేత పని చేయించే కంపెనీ పేరు మన బడి గోడ మీద పడిందంటే, ఆ తర్వాత మన మాట ఆ ఊళ్లో ఎవరూ నమ్మరు.

కంప్యూటరు ముందు కూర్చుని చేసే ఆరా ఒక పూట పని. కంపెనీ వార్షిక నివేదికలో సీఎస్ఆర్ అనుబంధం, జాతీయ సీఎస్ఆర్ పోర్టల్లో గత ఏళ్ల ఖర్చు, స్టాక్ మార్కెట్‌లో నమోదైన పెద్ద కంపెనీ అయితే బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదికలో బాల కార్మికుల ఫిర్యాదుల గడి. ఆ గడిలో ఎప్పుడూ సున్నానే కనిపిస్తుంది. దాన్ని నమ్మి తృప్తిగా ఫైలు మూసేవాళ్లతోనే నాకు పేచీ. విదేశీ కొనుగోలుదారు ఆడిటర్ వచ్చి చూసేది ఫ్యాక్టరీ లోపల. లోపల టోపీలు, గ్లవ్సులు, తెల్ల కోట్లు, అన్నీ బాగానే ఉంటాయి. మనం చూడాల్సింది కంపెనీ బోర్డు కనపడని చోట.

రొయ్యలైతే చెరువు కాపలా గుడిసె, కాంట్రాక్టు పీలింగ్ (తొక్క తీసే) షెడ్డు. గ్రానైటైతే చీమకుర్తి క్వారీ కాదు, చుట్టుపక్కల పాలిషింగ్ యూనిట్లు, వాటి వెనక రేకుల షెడ్లు, ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన కుటుంబాలు, తెలుగు బడిలో కూర్చోలేని వాళ్ల పిల్లలు. ఇటుక బట్టీ అయితే బట్టీ పక్కన గుడారాలే. కంపెనీ సరుకు ఎక్కడెక్కడ చేతులు మారుతుందో మొదట కాగితం మీద గీసుకోండి. ప్రతి చేతి దగ్గరా ‘ఇక్కడ పిల్లలు ఉండే వీలుందా’ అని రాసుకోండి.

వెళ్లాల్సిన వేళ తెల్లవారుజామున అయిదు గంటలు. పదకొండింటికి వెళ్లి హెచ్‌ఆర్ మేనేజరు ఇచ్చిన టీ తాగి రావడాన్ని నేను ఆరా అనను. గేటుకు కాస్త దూరంలో టీ బంకు ఉంటుంది. అక్కడ కూర్చోండి. ఆటోలు, ట్రక్కులు వచ్చి ఆగుతాయి, ఆడవాళ్లు దిగుతారు, చేతుల్లో టిఫిన్ డబ్బాలుంటాయి. ఎవరి చెయ్యి పట్టుకుని ఎవరు దిగుతున్నారో చూడండి. సాయంత్రం అదే చోట మళ్లీ కూర్చోండి. రోజంతా ఐసు నీళ్లలో రొయ్యల తలలు తీసిన వేళ్లు తెల్లగా పాలిపోయి, ముడతలు పడి, గోళ్ల అంచుల్లో చిన్న చిన్న గాట్లతో ఉంటాయి. పెద్దవాళ్ల చేతులు అలా ఉండటం చూశాక, ఇంటికెళ్లే గుంపులో ఒక పన్నెండేళ్ల పిల్ల అరచెయ్యి కూడా అలాగే కనపడితే ఇంకో ప్రశ్న అడగక్కర్లేదు.

కూలీలను తెచ్చే మేస్త్రి మాత్రం ఒకటే చెబుతాడు: ‘వాళ్లమ్మతో ఊరికే వచ్చినాడు మేడం, పనేం చెయ్యడు. ఈడ కూర్చుంటాడు అంతే.’ కొంచెం చదువుకున్న మేస్త్రి అయితే చట్టం కూడా చెబుతాడు, కుటుంబానికి సాయం చేయొచ్చు కదా అని. 2016 సవరణలో ఆ మినహాయింపు ఉన్న మాట నిజమే. బడి అయిపోయాక గానీ, సెలవుల్లో గానీ, ప్రమాదం లేని కుటుంబ వ్యాపారంలో పిల్లవాడు సాయం చేయొచ్చు. కానీ అది కుటుంబ వ్యాపారం కావాలి. కాంట్రాక్టరు షెడ్డులో కిలో లెక్కన కూలి తీసుకునే తల్లికి అది సొంత వ్యాపారం ఎలా అవుతుంది? ఈ ఒక్క వాక్యం మీద మీకు పట్టు లేకపోతే మేస్త్రి మిమ్మల్ని పది నిమిషాల్లో ఒప్పించి పంపేస్తాడు.

పద్నాలుగు నిండి పద్దెనిమిది నిండని వాళ్ల విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. గనుల్లో, పేలుడు పదార్థాల దగ్గర, ప్రమాదకరమైన ప్రక్రియల్లో వాళ్లను పెట్టుకోకూడదు. మిగతా చోట్ల పెట్టుకోవచ్చు గానీ, విరామంతో కలిపి రోజుకు ఆరు గంటలు మించకూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పని చేయించకూడదు. కాబట్టి పదహారేళ్ల అమ్మాయి ఆధార్ కార్డు చూపించి ‘వయసు సరిపోయింది’ అంటే అక్కడితో వదిలేయకండి. షెడ్డులో పని ఎన్నింటికి మొదలవుతుందో అడగండి. అయిదింటికి అంటే, వయసు సరిపోయినా వేళ సరిపోలేదు.

తర్వాత బడికి వెళ్లండి. ఇది నా పద్ధతి, దీన్ని మించింది నేను చూడలేదు. హెడ్‌మాస్టరు గారిని మర్యాదగా అడిగి, ఏ తరగతిలో ఏ నెలల్లో హాజరు పడిపోతుందో అంకెలు మాత్రం రాసుకోండి, పేర్లొద్దు. ఆ నెలలను పక్కన రొయ్యల పట్టుబడి, పొగాకు గ్రేడింగ్, బట్టీ సీజన్లతో పోల్చి చూడండి. మనుషులు మాట దాచొచ్చు, హాజరు పట్టీ దాచలేదు. కనిగిరి, మార్కాపురం వైపు పల్లెల్లో అయితే ఇంకో సంగతి బయటపడుతుంది. పిల్లలు పనికి పోలేదు, వలసపోయిన తల్లిదండ్రుల వెంట ఊరే దాటిపోయారు. అప్పుడు మన ప్రశ్న స్థానిక కంపెనీకి కాదు, వాళ్లను తీసుకెళ్లిన నిర్మాణ సంస్థకు.

పని చేస్తున్న పిల్లవాడు కనపడ్డాడనుకోండి. ఫోటో తీయకండి. మేస్త్రి ముందు ఆ పిల్లవాణ్ణి ఏమీ అడగకండి, సాయంత్రం తిట్లు, దెబ్బలు తినేది వాడే. గొడవ పెట్టుకోకండి, మరునాటికి షెడ్డులో పిల్లలెవరూ ఉండరు, ఇంకో షెడ్డులో ఉంటారు. అదే రోజు మీ పై అధికారికి చెప్పండి. ఆమె పిల్లల హెల్ప్‌లైన్ 1098కి, జిల్లా బాలల సంరక్షణ విభాగానికి చెబుతుంది. ఆమె అందకపోతే మీరే 1098కి చేయండి. ఆ తల్లి పని పోకుండా, పిల్లవాడు బడిలోకి ఎలా రావాలో ఆలోచించాల్సింది అప్పుడే, అధికారుల దాడి అయిపోయాక కాదు.

ఇంకొక్క మాట, దీన్ని రెండుసార్లు చదవండి. చూసినదాన్ని బేరానికి పెట్టకండి. ‘మా కార్యక్రమానికి సాయం చేస్తే ఈ విషయం మేం చూసుకుంటాం’ అని మీ నోట ఒక్క ముక్క వచ్చినా అది బెదిరింపు, ఆ పిల్లవాడి పేరు చెప్పుకుని చేసిన బెదిరింపు. కంపెనీయే ముందుగా ఆ మాట అన్నా సరే, లేచి వచ్చేయండి. ఫిర్యాదు దారి ఫిర్యాదుది, విరాళం దారి విరాళానిది.

కలవడం, అడగడం

ఆరా పూర్తయిన కంపెనీలనే కలవండి. మంగళవారం గానీ బుధవారం గానీ పొద్దున పూట వెళ్లాలి. మార్చిలో వెళ్లకూడదు. అప్పుడు మిగిలిన డబ్బు ఖర్చుపెట్టే హడావుడిలో బ్యాగులు, బెంచీలు ఇచ్చి చేతులు దులుపుకుంటారు. ఏప్రిల్ నుంచి జూలై మధ్య వెళితే ఏడాది ప్రణాళికలో చోటు దొరుకుతుంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరిన దెబ్బ రొయ్యల ఎగుమతిదారులు ఇంకా చెప్పుకుంటారు. వినండి, అబద్ధం కాదు.

ప్రజెంటేషన్ వద్దు. ఒక్క పేజీ, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. అందులో రెండు అడగండి. ఒకటి డబ్బుది: ఏ ఊళ్లో, ఎంతమంది పిల్లలకు, ఎన్నాళ్లు, ఎంత. రెండోది డబ్బుతో పని లేనిది: పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లను పెట్టుకోనని మేస్త్రి ఒప్పందంలో ఒక షరతు, లేదా చంటిబిడ్డల తల్లులకు షిఫ్టు ఎనిమిదింటికి మార్చడం. రెండోదానికి ఒప్పుకోని కంపెనీ మొదటిది ఇస్తానన్నా నేను సంతకం పెట్టను.

కంపెనీ లోపలి శిశు సంరక్షణ గదిని సీఎస్ఆర్ కింద రాయకండి. 50 మంది, ఆపైన పనిచేసే చోట ఆ గది ఉండాలని 2017 ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణే చెప్పింది. సొంత ఉద్యోగుల కోసమే చేసే ఖర్చు సీఎస్ఆర్ కాదు. అది వాళ్లు ఎలాగూ కట్టాల్సిన గది.

ఫోటోలు, నివేదిక

చెక్కు పట్టుకున్న పిల్లల ఫోటో కావాలని కంపెనీ అడుగుతుంది. బడి భవనం ఇవ్వండి, టీచర్లను ఇవ్వండి, పిల్లలు గీసిన బొమ్మలు ఇవ్వండి. సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లల పేరు, ముఖం, బడి, ఊరు బయటపెట్టడం 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఈ షరతు ఒప్పందంలోనే రాయించండి, కార్యక్రమం రోజు స్టేజీ మీద వాదించే పని ఉండదు.

వెళ్లేటప్పుడు మీ నోటు పుస్తకం సంస్థలో ఇచ్చి వెళ్లండి. ఏ కంపెనీని ఎందుకు పక్కన పెట్టారో తేదీలతో సహా అందులో ఉండాలి. వచ్చే ఏడాది ఇంటర్న్‌కు అదే కంపెనీ నుంచి మళ్లీ ఫోను వస్తుంది.